పీనుగుల గండి దాకా వెళ్లొచ్చిన మా చిన్నత్త

మాఘ మాసం, ఆదివారం సాయంత్రం. పోతిరెడ్డిపల్లిలో మా ఇంట్లో కూర్చున్నవారు: మా తమ్ముడు, మరదలు, వాళ్ల కొడుకు, కోడలు, ఆమె ఒడిలో ఐదో నెల పాప, కోడలి తల్లి, నేను. ఏ కూడిక గురించైనా ముందు ఇలా రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు.

తెల్లవారితే గృహప్రవేశం. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఇన్నాళ్లూ సర్దుకున్న మా తమ్ముని కొడుకు లక్డారం దాటాక గుట్టల అవతల చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి వెళ్లాలంటే రెండు గుట్టల నడుమ ఇరుకుదారి దాటాలి, దాన్ని మా తాతల నాటి నుంచీ పీనుగుల గండి అంటారు. ఆ పేరు అప్పుడే విన్న మా వియ్యపురాలు పాపను తన ఒడిలోకి లాక్కుని, "పసిగుడ్డును గా గండి దాటిస్తరా? నా బిడ్డ రాదు, మనుమరాలు రాదు. పాలు మీరే పొంగిచ్చుకోండ్రి, మీరే తాగుండ్రి" అని తేల్చేసింది.

సముదాయించబోయిన మా తమ్ముడు, ఎప్పుడో గత్తర, అంటే కలరా, వచ్చినప్పుడు శవాలను అక్కడ వేశారట, అంతకుమించి ఏమీ లేదన్నాడు. మా మరదలు ఊరుకోక, గత్తర కాదు, మిరపకాయల బండ్లతో అంగడికి పోయే షావుకార్లను దొంగలు అక్కడే చంపేవారని సరిదిద్దింది. "మంచిగ చెప్పిండ్రు, ఇగ నిద్ర గూడ పట్టది" అని వియ్యపురాలు బట్టల సంచి సర్దుకోసాగింది.

అప్పుడు నేను మా నాయన చెల్లెలు, మా చిన్నత్త సంగతి ఎత్తాను.

మా ఊరి వల్లకాడు గండికి అవతల ఉండేది. ఇంటి నుంచి మోసుకొచ్చిన పాడెను గండిలో ఒక బల్లపరుపు బండ మీద దింపి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచేవారు. దింపుడు కల్లం అంటే మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. గండికి ఆ పేరు దానివల్లే వచ్చిందని మా నాయన అనేవాడు. నిజమో కాదో నేను తేల్చలేను. నేను పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఏడాది, ఎండాకాలంలో, భర్త పోయి మా ఇంట్లోనే ఉంటున్న చిన్నత్తకు జ్వరం తగిలి, మూడో రోజుకు ఒళ్లు చల్లబడింది, నాడి చూసే పెద్దమనిషి పెదవి విరిచాడు. జీవితంలో మొదటిసారి పాడెకు భుజం పట్టాను. బండ మీద దింపాక మా నాయన నిప్పుకుండ పక్కన పెట్టి, వంగి, "చెల్లే" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారికి ఏడ్పే వచ్చింది. ఆ ఏడ్పుకే కాబోలు ఆమె రెప్పలు కదిలాయి. కాసేపటికి, "గింత ఎండల నన్నెందుకు పండవెట్టిండ్రు? జెర నీళ్లు పోయుండ్రి" అంది.

నాతోపాటు మోసినవాళ్లలో ఒకాయన పారిపోయి ఇస్నాపూర్ దాకా వెనక్కి తిరిగి చూడలేదని తర్వాత తెలిసింది. నేను బావికి పరుగెత్తి, తువ్వాలు తడిపి తెచ్చి ఆమె నోట్లో పిండాను. పాడె మీద వెళ్లిన మనిషిని మళ్లీ గడప తొక్కించవద్దని పెద్దలు అడ్డుపడ్డారు గానీ, మా నాయన చెల్లెలిని చేతుల మీద ఎత్తుకుని ఆ గడపలోంచే లోపలికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఎవరైనా కాళ్లనొప్పులని మూలిగితే చాలు, "నేను గండి దాక పోయొచ్చిన, నువ్వు వంటింటి దాక పోలేవా?" అని ఎద్దేవా చేస్తూ ముసలితనం దాకా బతికింది. మా తమ్ముని కొడుకు పుట్టినప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టుకుని మొదటి నీళ్లు పోసింది ఆమే.

వియ్యపురాలు అల్లుడి వైపు చూసింది. "ఈ పిలగానికా?" అంది. అవునన్నాను. సంచి మూలకు పెట్టి, పాపను కూతురి ఒడిలో పడుకోబెట్టింది.

మరునాటి పొద్దున గండిలో ఆటో ఆపించి, ఆ బండ ఏదని అడిగింది ఆమె. కంకర కోసం గుట్టను తొలిచేయగా సగం బండే మిగిలింది. దాని మీదే కొబ్బరికాయ కొట్టింది. ఇప్పుడు మా ఊరి శవాలన్నీ వ్యానులోనే వెళుతున్నాయి, వ్యాను ఇక్కడ ఆగదు, ఎవరినీ ఎవరూ పిలవడం లేదు. నా వంతు వచ్చినప్పుడైనా కాసేపు ఆపమని మా తమ్ముని కొడుకుతో అన్నాను.

"శుభమా అని ఇంట్లకు వోతుంటే గదేం మాట, పెద్దనాయినా?" అని వాడు కసిరాడు.

వియ్యపురాలు కొబ్బరిముక్క నా చేతిలో పెట్టింది. "ఆపుతరు తియ్యి, అన్నా. నేనే పిలుస్త. మూడుసార్లు గాదు, లేసెదాక పిలుస్త."