మా మామ కాపీ కొట్టిన రాట్నం

మా నాయనకు తెలివి ఎంత ఉండేదో అనుమానం అంతకు రెండింతలు ఉండేది. పొదటూరుపేటలో మగ్గాల వాళ్లకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం మా ఇంటి పని. పాత సైకిల్ చైను తగిలించి, ఒక్క తొక్కుడుకు నాలుగు కండెలు తిరిగే రాట్నం ఆయనే తయారుచేశాడు. చేసి వెనక గదిలో పెట్టి, అమ్మ పాత చీర తెరగా కట్టాడు.

తెర ఊరిని ఆపింది గానీ సొంత అక్కను ఎట్లా ఆపుతుంది? అత్త మజ్జిగ కోసం వచ్చి చూసిపోయింది. నెల తిరక్కుండానే ఆమె మొగుడు, అంటే మా మామ, అలాంటివే చేసి తిరుత్తణి దాకా అమ్మసాగాడు. నాయన ఆయనతో మాటలు మానేశాడు. పెళ్లిళ్లలో ఆయన కూర్చున్న పంక్తిలో కూర్చునేవాడు కాదు. నాకూ మామంటే మంటగానే ఉండేది.

ఎనభైల్లో మద్రాసు కంపెనీ ఒకటి వకీలు నోటీసు పంపింది. ఆ రాట్నానికి పేటెంటు తమదట, వాడకం ఆపకపోతే కోర్టుకు లాగుతారట. రాట్నం ఆగితే మా పొయ్యి ఆగుతుంది. ఆ పూట అమ్మ వంట జోలికే పోలేదు.

తిరువళ్లూరులో మా వకీలు అంతా విని, పేటెంటుకు ముందే ఇది నలుగురిలో వాడుకలో ఉందని రుజువైతే చాలన్నాడు. ఎవరెవరు చూశారని అడిగాడు. ఎవరూ చూడకూడదనే కదా తెర కట్టింది.

సంగతి అత్త చెవిన పడింది. మర్నాడే మామ తన దగ్గర ఏనాడో రాట్నాలు కొన్న నేతగాళ్లను వెంటబెట్టుకుని, మేం కూర్చుని ఉన్న వకీలు ఇంటిముందు దిగాడు. ఒకాయనైతే అరిగిపోయిన రాట్నాన్నే బస్సు మీద వేసుకొచ్చాడు. దీన్ని ఏమంటారని వకీలు అడిగితే, "బామ్మర్ది రాట్నం" అన్నారు వాళ్లు. అమ్మేటప్పుడు మామ అదే పేరు చెప్పేవాడట. నాయన తల వంచుకున్నాడు.

"నువ్వు గోషాలో పెట్టినావు బామ్మర్దీ," అన్నాడు మామ. "నేను దొంగిలించబట్టి గదా నలుగురి కండ్ల పడింది."

వాళ్ల సాక్ష్యాలు పంపాక కంపెనీ మళ్లీ మా జోలికి రాలేదు. పేటెంట్లు ఎన్ని ఉంటే దేశానికి అంత తెలివి ఉన్నట్టని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ లెక్కలో కంపెనీ ఉంది, మా నాయన లేడు. మామ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన పుణ్యాన తిన్న అన్నం మాత్రం నేను మరిచిపోలేను.

ఆ రోజు వకీలు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక నాయన తెర ఊడదీసి అమ్మ చేతికిచ్చాడు. మాతో వచ్చి వాకిట్లో ఆగిపోయిన మామను ఏళ్ల తర్వాత నోరారా పిలిచాడు.

"బావా, లోపలికి రా. కొత్తదొకటి చేస్తా ఉండా. చూసి పో."