అమ్మ కొంగుకు ముడేసుకున్న బాపు లైటర్

మేము శాలిబండలో ఉన్న రోజులు... బాపు డ్యూటీ నుంచి వచ్చి, షర్ట్ విప్పి కొక్కేనికి తగిలించడమే ఆలస్యం, నేనూ తమ్ముడూ ఆ జేబు కోసం పోట్లాడుకునేవాళ్లం.

జేబులో ఉండేది మిఠాయి కాదు... లైటర్.

బాపు బస్సు డిపోలో మెకానిక్. ఆయన దోస్తు రఫీ చాచా దుబాయి నుంచి సెలవుల్లో వచ్చినప్పుడు ఇచ్చిన ఇత్తడి లైటర్ అది. అరచేతిలో ఇమిడిపోయేది. లోపల దూది, ఒక వత్తి, చక్రం కింద బియ్యపు గింజంత రాయి. పెట్రోల్ అయిపోతే మళ్లీ పోసుకోవచ్చు, రాయి అరిగితే మార్చుకోవచ్చు. మూత తెరిచి మూయడానికి మాకు చెరో పది సార్లు... లెక్క తప్పితే యుద్ధమే.

అమ్మకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండేది. బాపు రోజుకో డబ్బా సిగరెట్లు కాల్చేవాడు మరి. ఒక చలికాలం దగ్గు పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ మానేయమన్నాడు. బాపు బుద్ధిగా తలూపి, దవాఖాన గేటు దాటగానే ఒకటి ముట్టించాడు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ...

"ఒక్కసారే ఎట్ల మానమంటవ్? ఈ లైటర్ తోని ముట్టిచ్చుకుంటేనే నాకు తాగినట్టుంటది. అగ్గిపుల్లతోని మజానే రాదు" అన్నాడు బాపు.

అమ్మ చెయ్యి చాపింది. "అయితే గా లైటర్ ఇటియ్యి. నిన్ను తాగొద్దని నేనంటలేను. తాగాలనిపిస్తే నన్నడుగు, నేనే ముట్టిస్త. వేరే అగ్గితోని ముట్టియ్యనని పిల్లల ముందర మాటియ్యి."

బాపు నవ్వుతూ మాటిచ్చాడు, లైటరూ ఇచ్చాడు. రెండు రోజులైతే తనే తిరిగిస్తుందిలే అనుకున్నట్టున్నాడు. అమ్మ దాన్ని కొంగు చివర పెట్టి గట్టిగా ముడేసుకుంది.

ఇక మా ఇంట్లో రోజూ తమాషానే... పొద్దున్నే సిగరెట్ వేళ్ల మధ్య పట్టుకుని బాపు వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"జర ముట్టియ్యవా."

"చేతులకు పిండున్నది, ఆగు."

రొట్టెలయ్యేదాకా ఆగేవాడు. తర్వాత పప్పు పోపు. తర్వాత నా జడలు. చివరికి అమ్మ కొంగుముడి విప్పేసరికి డ్యూటీకి టైమ్ అయిపోయేది. సిగరెట్ మళ్లీ డబ్బాలోకి...

ఒకరోజు బాపు వచ్చీ రాగానే చెప్పాడు. "డిపోల ఒకాయన అగ్గిపుల్ల గీసి నా ముందర పెట్టిండు. పిల్లలకు మాటిచ్చిన భాయ్ అన్న. అందరు ఒకటే నవ్వుడు."

అమ్మ ఆ పూట బాపు కంచంలో అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది.

అలా రోజులు గడిచాయి. రోజుకో డబ్బా కాస్తా ఐదు సిగరెట్లయింది, ఐదు మూడయ్యాయి, మూడు ఒకటైంది... ఒకసారి వరసగా నాలుగు రోజులు బాపు అసలు గుమ్మంలోకే రాలేదు. అమ్మకు అనుమానం పట్టుకుంది. దొంగచాటుగా తాగుతున్నాడేమో!

నన్ను పక్కకు పిలిచింది. "బిడ్డా, బాపు షర్ట్ వాసన చూసి రాపో."

చూశాను. గ్రీజు, డీజిల్, చెమట... అంతే.

అయినా అమ్మ మనసు ఊరుకోలేదు. అన్నం తినేటప్పుడు తనే అడిగింది. "ఏంది, లైటర్ అడుగుతలేవు?"

బాపు ముద్ద కలుపుతూ అన్నాడు. "మొదట్ల నిన్నడగాలంటే సిగ్గయ్యేది. ఇగ ఇప్పుడైతే... యాదికే వస్తలేదు."

అమ్మ గబగబా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మంచినీళ్లకేమో అనుకుని వెనకే వెళ్లాను. గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. కొంగుకున్న లైటర్ టపీమని ముక్కుకు తగిలింది. ముక్కు పట్టుకుని నావైపు తిరిగింది... ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

కొన్నాళ్లకు బాపు చెయ్యి చాపాడు. "ఇగ నా లైటర్ నాకియ్యి."

"సిగరెట్లే తాగవు, నీకెందుకు?" అంది అమ్మ.

అంతే, అది అమ్మదైపోయింది. స్టవ్ దానితోనే, దేవుడి దగ్గర దీపమూ దానితోనే. "సిగరెట్లు ముట్టిచ్చిన దానితోని దీపమా అక్కా?" అని పక్కింటి పిన్ని అడిగితే, "అగ్గిపెట్టెతోని మాత్రం బీడీలు ముట్టిస్తలేరా చెల్లె?" అంది. పెట్రోల్ పోయించుకొచ్చే పని మాత్రం బాపుదే. ఆయనను చూడగానే లైటర్లకు పెట్రోల్ పోసే గడియారాల దుకాణం ముసలాయన "భాబీకా లైటర్ ఆగయా" అని, వదినమ్మ లైటర్ వచ్చేసిందంటూ నవ్వేవాడట.

ఇప్పుడు అమ్మా బాపూ జహనుమాలో తమ్ముడితో ఉంటున్నారు. బాపు రోజూ మూడంతస్తులు ఎక్కి దిగుతాడు. పోయిన నెల లైటర్ రాయి అరిగిపోయిందని అమ్మ నన్ను పంపింది. మూడు దుకాణాలు తిరిగాను. "కొత్తది తీస్కో అక్కా, అయిపోతే పారేయొచ్చు" అని ప్లాస్టిక్ లైటర్లు చూపించారు. చివరికి శాలిబండలోనే ఒక గడియారాల దుకాణంలో రాయి దొరికింది.

మార్పించి, వెలుగుతుందో లేదో చూసుకుంటుంటే దారిన పోయే పెద్దాయన ఒకరు ఆగారు.

"ఒక్కసారి ఇస్తవా బిడ్డా?"

ఇచ్చాను. చక్రం తిప్పి, మంటను కాసేపు చూసి, జాగ్రత్తగా మూత పెట్టారు. "మా అన్న దగ్గరుండె గిసొంటిది. దీపావళికి దీనితోనే పటాకులు ముట్టిచ్చేటోల్లం" అని నా చేతిలో పెట్టి, నవ్వుకుంటూ షేర్ ఆటో ఎక్కేశారు.

వాడి పారేసేవి ఇప్పుడు ఏ పాన్‌డబ్బాలో అడిగినా దొరుకుతాయి... ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషిని రోడ్డు మీద ఆపి నవ్వించేవి మాత్రం తగ్గిపోయాయి.

ఆ అన్న గురించి ఇంకో మాట అడిగేలోపే ఆటో వెళ్లిపోయింది. మీ ఇంట్లో ఇలాంటి లైటర్ ఎవరి జేబులో ఉండేదో... మీరైనా చెప్పండి.