బాలింత ముక్కు

ఎమ్మిగనూరులోని పుట్టింటి నుంచి మూడో నెల బిడ్డను ఎత్తుకుని ఆదోనికి వచ్చిన రోజే ఇంటి బావి నీళ్లలో ఏదో వాసన తగిలింది. మా గోడ అవతల పెట్రోలు పంపు ఉంది. అత్తగారితో చెప్పాను. ఆమె పాపకు సాంబ్రాణి పొగ వేస్తూ తల కూడా ఎత్తలేదు.

"నీది బాలింత ముక్కు మ్మే. నాకూ అట్లనే ఉండె. అన్నం గూడా కంపు కొడతాండె."

స్నానం చేయించిన ప్రతిసారీ పాప తొడల మీద ఎర్రగా దద్దులు లేచేవి. నూనె మార్చాను, పెసరపిండి మానేశాను. నీళ్లు మార్చడం నా చేతిలో లేదు. వీధి వీధంతా ఆ బావి మీదే బతికేది. మా వారు పత్తి మిల్లు నుంచి అలసిపోయి వచ్చి, ఒక గుక్క పుక్కిలించి, "నాకేం తెలియడం లేదే" అనేవారు. పంపు యజమానిని అడిగిస్తే నవ్వాడట. "బస్సులు పోతాండాయి, వస్తాండాయి. వాసన రాక అత్తరు వస్తాదా?"

నా పోరు పడలేక చివరికి అత్తగారే అన్నారు. "ఏ పిల్లో కుక్కో పడి సచ్చింటాది. తోడిస్తే సరి."

నీళ్లన్నీ తోడాక, పూడిక తీయడానికి కూలీ ఒకడు లోపలికి దిగాడు. దిగిన కాసేపటికే పైకి అరిచాడు.

"అన్నా, తాడు గుంజు! తల తిరుగుతాండాది!"

"కల్లు తాగి దిగినావేమిరా?"

"నీ యమ్మ, గుంజుతావా లేదా?"

గట్టు మీద అందరూ నవ్వుతూనే వాణ్ని పైకి లాగారు. నేను నవ్వలేకపోయాను.

తెల్లారేసరికి బావిలో మళ్లీ నీళ్లు ఊరాయి. వాటి మీద రంగురంగుల జిడ్డు పొర తేలుతోంది. ఆ కంపు ఈసారి అందరికీ తెలిసింది.

మునిసిపాలిటీ నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పెద్ద వయసాయన. పంపు నుంచి మా బావి దాకా, బావి దాటి వీధి వైపు కూడా, కూలీల చేత గుంతలు తవ్వించాడు. మొదటి గుంతలోంచి పిడికెడు మట్టి తీసి వాసన చూసి, తల అడ్డంగా ఊపి, నా వైపు చాచాడు.

"ముక్కుపొడి పీల్చి పీల్చి నా ముక్కు ఎప్పుడో సచ్చిపోయింది తల్లీ. నువ్వు సూసి సెప్పు."

పాపను చంకన వేసుకుని గుంత గుంతకూ వంగాను. పంపు దగ్గరి మట్టికి కళ్లు మండాయి. బావి వైపు వచ్చేకొద్దీ ఘాటు తగ్గింది గాని పోలేదు. వీధి వైపు గుంతలో ఉత్త మట్టి వాసనే. ఆ మాటే చెప్పాను.

"బాలింత మాట మీద నా ట్యాంకు తవ్విస్తావా అప్పా?" అన్నాడు పంపు యజమాని.

"తవ్వుతాం. బాగుంటే పూడుస్తాం. దానికెందుకంత గొంతు?"

భూమిలో పాతిన ట్యాంకు అడుగు తుప్పు పట్టి, చెమ్మగిల్లి ఉంది. కారిన పెట్రోలు కారినట్టు మట్టిలోకే పోయింది. మేం బావి తోడేసరికి, ఖాళీ అయిన చోటికి ఊటనీళ్లతో పాటు అదీ వచ్చిందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. బాగుచేద్దామనుకుని మేమే దాన్ని ఇంట్లోకి లాక్కున్నాం.

"మళ్లా ఎప్పటికి బాగయితాది?" అని అత్తగారు అడిగారు.

"నాకూ తెలీదమ్మా."

బావి మీద పలకలు కొట్టారు. దూరపు బావి నుంచి బిందెలు మోయడం మొదలుపెట్టాం. పాప దద్దులు తగ్గాయి. నా భయం మాత్రం తగ్గలేదు. వచ్చిన ప్రతి బిందె మీదా వంగేదాన్ని. పాలు వాసన చూసేదాన్ని, పాప గుడ్డలు చూసేదాన్ని, దాని తల చూసేదాన్ని. ఉందో, ఉందనిపిస్తోందో తెలిసేది కాదు. నడుం వాల్చినా వాసన వెతుకుతూనే ఉండేదాన్ని.

ఒకరోజు నాకు జలుబు చేసింది. బిందె మీద వంగితే ఏమీ తెలియలేదు. మంచినీళ్లో కావో చెప్పలేను. పాపకు నీళ్లు కాచకుండా పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయాను.

అత్తగారు వచ్చి చూశారు. బిందెలో చెయ్యి ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, మళ్లీ ముంచి చూశారు.

"ఏం లేదు మ్మే. కాంచు."

పొయ్యి ముట్టించాను. నీళ్లు కాగేదాకా ఆమె ఆ బిందె పక్కనే కూర్చున్నారు.