లోపలికి పడిన బండి

మా వాళ్ళు నలుగురు చేరిన ప్రతిచోటా ఒక కథ చెబుతారు. భిలాయిలో విశ్వకర్మ పూజ రోజున మా బొమ్మ రైలు బోల్తా పడిందనీ, నేను వేగం పెంచే నాబ్ గిర్రున తిప్పెయ్యడమే దానికి కారణమనీ, నన్ను పక్కకి జరిపి మావయ్య చెయ్యి పెట్టగానే బండి బుద్ధిగా నడిచిందనీ. చెప్పేవాళ్ళలో సగం మంది ఆ రోజు అక్కడ లేరు. మిగిలిన సగం మంది బూందీ పంచేచోట ఉన్నారు. నేను బండికి మూరెడు దూరంలో ఉన్నాను. నా వాదన ఒక్కటే. వేగం ఎక్కువైన బండి మలుపులో బయటికి పడుతుంది. మా బండి లోపలికి పడింది.

ఈ ముక్క ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. "సర్లేవే, ఏదో ఒక పక్కకి పడింది కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నాన్న ఉక్కు ప్లాంటు లోపల ఇంజను నడిపేవాడు. కరిగిన ఇనుము పోసిన బళ్ళని ఒక షాపు నుంచి, అంటే ఒక విభాగం నుంచి, ఇంకోదానికి లాగే ఇంజను. దానికి స్టేషన్లు లేవు, టైమ్ టేబుల్ లేదు, కిటికీలోంచి చెయ్యి ఊపే జనం లేరు. "నాదీ రైలేనే" అనేవాడు గానీ, ఆ మాట గట్టిగా అనేవాడు కాదు. ఒకసారి పాత కాగితాలు కొనే రద్దీవాలా బండి మీద విదేశీ పత్రిక ఒకటి దొరికింది. అందులో ఒక తెల్లాయన ఇల్లంతా చిన్న చిన్న పట్టాలు వేసుకుని, మధ్యలో నిలబడి నవ్వుతున్నాడు. నాన్న ఆ బొమ్మ చించి జేబులో పెట్టుకున్నాడు. "దేశానికంతటికీ పట్టాలు సేసే ఊళ్ళో ఉన్నాం. మనకి ఇంట్లో రెండు మూరల పట్టా లేదేటి?" అన్నాడు.

అలా మొదలైంది. నాన్నకి ఇద్దరు తోడయ్యారు. ఒకాయన ట్రాక్ మావయ్య. అమ్మకి వరసకి అన్న. విజయనగరం వైపు మనిషి, రైల్వేలో పట్టాలు వేసే గ్యాంగుకి మేటుగా, అంటే మేస్త్రీగా, చేసి రిటైరై, దుర్గ్‌లో కూతురింట్లో ఉండేవాడు. రెండో ఆయన హథ్‌ఖోజ్‌లో చిన్న లేత్ షాపు నడిపే ఛత్తీస్‌గఢీ మనిషి. మేమంతా లేత్ భయ్యా అనేవాళ్ళం. మూడో మనిషిని నేను. బీఎస్సీ ఫిజిక్సు రెండో ఏడు చదువుతున్నాను. నన్ను మూడో మనిషిగా వాళ్ళు లెక్కపెట్టారా అంటే, అసలు గొడవంతా అక్కడే ఉంది.

ప్రతి ఆదివారం మా క్వార్టర్ వరండాలో రెండు నవారు మంచాలు పక్కపక్కన వేసి, వాటి మీద పాత పెట్టెల చెక్కలు పరిచేవాళ్ళు. ఇత్తడి బద్దలే పట్టాలు, వెదురు పుల్లలే స్లీపర్లు. ఇంజనుకి టేప్ రికార్డర్ మోటారు, పెట్టెలకి నూనె డబ్బాల రేకు. కరెంటుకి బ్యాటరీ ఎలిమినేటర్, ఇంటి కరెంటుని తగ్గించి బ్యాటరీలా ఇచ్చే డబ్బా. దాని నాబ్ తిప్పితే బండి కదలాలి. మొదటి రోజు బండి కదలలేదు, ఎలిమినేటర్ వేడెక్కి వాసన వచ్చింది. ముగ్గురూ ఆ డబ్బాని తిట్టారు. నేను టీ గ్లాసులు కింద పెట్టి, "రెండు చక్రాల్నీ ఇనప ఇరుసుతో కలిపేశారు. ఒక పట్టాలోంచి వచ్చిన కరెంటు మోటారు దాకా ఎందుకెళ్తుంది? అటునుంచి అటే రెండో పట్టాలోకి పోతుంది" అన్నాను. లేత్ భయ్యా చక్రం చేతిలోకి తీసుకుని చూసి, "నోనీ సహీ కహత్ హే" అన్నాడు. పిల్ల చెప్పింది నిజమేనని. నోనీ అంటే అక్కడ ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట. మరుసటి వారం చక్రానికీ ఇరుసుకీ మధ్య కరెంటు దాటని నైలాన్ బుష్ వేసి తెచ్చాడు. బండి కదిలింది. నాన్న చప్పట్లు కొట్టి, నా వైపు చూసి, "ఇంకో రౌండు టీ పెట్టే" అన్నాడు.

ట్రాక్ మావయ్యకి చప్పుడు పిచ్చి. పట్టా ముక్కల మధ్య సందు ఉండాలనేవాడు. "సందు లేకపోతే టక్‌టక్ ఎలగొస్తాది? టక్‌టక్ లేనిది రైలేటి, రిక్షా." సందులున్నచోట కరెంటు ఆగిపోకుండా ముక్కకీ ముక్కకీ సన్న తీగ అతకాలి. ఆ అతుకులన్నీ నావే. కాలేజీ నుంచి రాగానే సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని కూర్చునేదాన్ని. "ఈ పిల్లకి పెళ్ళి చూపుల్లో వంటొచ్చా అనడిగితే, అతుకులొచ్చు అని సెప్పాలి గావాల" అనేది అమ్మ. అలా అంటూనే పెట్టెల కిటికీలకి అంటించమని చాక్లెట్ల పసుపు కాగితాలు దాచి ఇచ్చేది.

కొన్ని ఆదివారాలు చెక్కలు దింపకుండా అందరం సైకిళ్ళెక్కి రుఆబాంధా దాటి ఉతై వైపు వెళ్ళేవాళ్ళం. పట్టాల పక్కన గట్టు మీద కూర్చుంటే గనుల నుంచి ఇనప రాయి బండి వచ్చేది. పెట్టె పెట్టెకీ ఎర్రదుమ్ము. మావయ్య కళ్ళు మూసుకుని చప్పుడు విని, "ఆ రెండో పెట్టె చక్రం గుండ్రంగా లేదు" అనేవాడు. నాన్న ఇంజను డ్రైవరుకి చెయ్యి ఊపేవాడు. ఆయన కూడా ఊపితే, వేయించిన శనగల పొట్లం విప్పుతూ ఆ సాయంత్రమంతా హుషారుగా ఉండేవాడు. ఎండ పోయాక వెనక్కి వస్తూ మేం నలుగురం పోట్లాడుకునేవాళ్ళం. పెట్టెలకి ఇటుక రంగా, నీలమా అని. వంతెన కట్టాలా, సొరంగమా అని. అంత పనికిమాలిన సంగతి మీద అంత శ్రద్ధగా పోట్లాడేవాళ్ళు మళ్ళీ నాకు దొరకలేదు.

ఆ సెప్టెంబరులో లేత్ భయ్యా ఒక మాట అన్నాడు. విశ్వకర్మ పూజకి బండిని తన షాపులో పెడదామని. భిలాయిలో ఆ పూజ అంటే మామూలు విషయం కాదు. ప్లాంటులోనూ చిన్న షెడ్లలోనూ మిషన్లకి దండలేసి, పనిముట్లన్నీ కడిగి బొట్టు పెట్టి దేవుడి ముందు వరసగా పేరుస్తారు. ఆ రోజు పనిముట్టుకి సెలవు. స్పానర్ గానీ స్క్రూడ్రైవర్ గానీ ఎవరూ ముట్టకూడదు. ముడితే ఆ ఏడంతా పని సరిగా సాగదని భయ్యా నమ్మకం. నమ్మకమంటే ఉత్త మాటకి కాదు. ఒక ఏడు పూజ రోజున పనివాడొకడు నట్టు బిగించాడని మర్నాడు షెడ్డంతా మళ్ళీ కడిగించాడు.

"పూజ రోజు బండి నేను నడుపుతాను" అన్నాను. అంతవరకూ జనం ముందు నాబ్ నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. నాకు కావలసింది అదొక్కటే. అతుకులేసే పిల్లలా కాదు, నలుగురిలో ఒకదానిలా నిలబడి బండి నడపాలి. నాన్న తల గోక్కుని, "సరే, నడుపు" అన్నాడు.

పూజకి ముందు రోజు సాయంత్రం మావయ్య సంచీలోంచి అట్టముక్కలు తీశాడు. కూతురి పెళ్ళికి మిగిలిపోయిన కార్డులు, మూలల్లో పసుపు రాసినవి, సన్నగా కోసి తెచ్చాడు. మలుపులో బయటి పట్టా కింద పెట్టి ఎత్తు చెయ్యాలని. నిజం రైలుకి మలుపులో అలాగే చేస్తారు, బండి బయటికి తన్నకుండా.

"మావయ్యా, నిజం బండి అరవై స్పీడులో వస్తాది. మనది చీమలా పోతాది. దీన్ని బయటికి తోసేది ఏదీ లేదు. నువ్వు పట్టా ఎత్తితే లోపలికి పడిపోతాది."

"ముప్పై ఏళ్ళు పట్టాలేసినోణ్ణి. నాకు నువ్వు సెప్తావేటే?"

"పట్టాలు నీవే గానీ, లెక్క నాది."

"కాలేజీ లెక్కతో బండి తిరగదమ్మా, ఎత్తుతో తిరుగుతాది."

నాన్న వైపు చూశాను. నాన్నకి నేను చెప్పేది అర్థమైంది. ఎలా తెలుసంటే, అర్థం కానప్పుడు గట్టిగా మాట్లాడతాడు, అర్థమైనప్పుడు నేలకేసి చూస్తాడు. నేలకేసి చూస్తూనే, "మావయ్య సెప్పినట్టు కానీ" అన్నాడు. పెట్టెలకి వేసిన రంగు ఇంకా ఆరలేదు. ఒక్క ఇంజను పెట్టి తిప్పారు. కిందికి బరువున్న ఇంజను కాబట్టి అది హాయిగా తిరిగింది. "సూసేవా?" అన్నాడు మావయ్య.

పూజ రోజు షెడ్డు నిండా జనం. భయ్యా పనివాళ్ళ కుటుంబాలు, మా సెక్టారు వాళ్ళు, పక్క షెడ్లవాళ్ళు. ఇంజను వెనక ఏడు పెట్టెలు తగిలించారు. నాబ్ నా చేతిలో ఉంది. నెమ్మదిగా తిప్పాను. నెమ్మదిగా అంటే, కింద నుంచి రెండో గీత దగ్గర. ఇది రాసి పెట్టుకోండి. బండి టక్‌టక్‌మంటూ మొదటి మలుపులోకి వెళ్ళింది. ఇంజను దాటింది, మూడు పెట్టెలు దాటాయి. తర్వాత నడిమి పెట్టె లోపలికి ఒరిగి, దాని వెంట అన్నీ వరసగా దేవుడికి సాష్టాంగపడినట్టు పడిపోయాయి. జనం ఘొల్లున నవ్వారు.

"ఆడపిల్ల సెయ్యి. గాభరాపడి నాబ్ తిప్పీసింది" అన్నాడు మావయ్య, అందరికీ వినపడేలా.

"లోపలికి పడింది మావయ్యా! తిప్పితే బయటికి పడాలి!"

"ఇంకా నోరు సూడు."

మళ్ళీ పెడితే మళ్ళీ పడుతుందని నాకు తెలుసు. అట్టముక్కలు తియ్యాలంటే పట్టాకి బిగించిన చిన్న మరలు విప్పాలి. స్క్రూడ్రైవర్ దేవుడి ముందు బొట్టు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ముట్టరు. పనిముట్టు ముట్టకూడని రోజున తప్పు పట్టాదంటే దిద్దేదెలా? మనిషిదంటే అక్కడితో సరిపోతుంది. ఆ మనిషిగా నేను దొరికాను. భయ్యా నా దగ్గరకొచ్చి, "కాబర్ రిసావత్ హస్ నోనీ, ఖిచిడీ ఖా లే" అన్నాడు. అలక మానేసి తినమని.

అందరూ భోజనాలకి వెనక పెరట్లోకి వెళ్ళారు. నాన్న మాత్రం, "మీరు పదండి, కుక్కలొస్తాయి, నేను బండి కాస్తాను" అన్నాడు. నేను ఖిచిడీ సగంలోనే వదిలేశాను. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి నాన్న బల్ల పక్కన ఆకులో బూందీ తింటున్నాడు. జనం మళ్ళీ చేరాక మావయ్య నాబ్ దగ్గర నిలబడ్డాడు. బండి కదిలింది. మొదటి మలుపు దాటింది, రెండోదీ దాటింది, ఏడు పెట్టెలతో చుట్టూ తిరిగొచ్చింది. జనం ఈలలేశారు. "అనుభవం!" అన్నాడు మావయ్య.

నేను వంగి చూశాను. బయటి పట్టా చెక్కకి ఆనుకుని చదునుగా ఉంది. కింద అట్ట లేదు. లేచి దేవుడి వైపు చూశాను. వరసలో అన్ని పనిముట్లకీ బొట్టు గుండ్రంగా ఉంది, చిన్న స్క్రూడ్రైవర్ బొట్టు మాత్రం పిడి పొడుగునా చెరిగిపోయి ఉంది. నాన్న కుడిచేతి బొటనవేలు ఎర్రగా ఉంది. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం.

"టీ తాగుతావేటే? తెస్తానుండు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న నాకు టీ తేవడం అదే మొదలు.

ఆ నిమిషంలో నేను నోరు తెరిస్తే చాలు. కానీ పక్కనే భయ్యా దండం పెట్టుకుంటున్నాడు. ఆయన షెడ్డులో, ఆయన దేవుడి ముందు, నాన్న పనిముట్టు ముట్టాడని చెప్పాలి. చెప్పలేకపోయాను. నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో అదొకటి.

తర్వాతి ఆదివారం వరండాలో చెక్కలు పరిచాక నాన్న ఎలిమినేటర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అప్పటినుంచి మా ఇంట్లో నాబ్ నాదే. మావయ్య కూడా మలుపులో ఎత్తు ఊసెత్తలేదు. కానీ ఆ కథ మాత్రం ఊరంతా తిరిగింది. మావయ్య పోయాడు, ఇప్పుడు ఆయన పిల్లలు చెబుతున్నారు. చెప్పినప్పుడల్లా నాన్న పక్కన కూర్చుని వింటాడు. నవ్వుతాడు కూడా.

క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు నాన్న పనిముట్ల డబ్బా నేనే సర్దాను. అడుగున దారంతో కట్టిన అట్టముక్కలు దొరికాయి. మూలల్లో పసుపు ఇంకా పోలేదు. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. చూసి, "అవేటి?" అన్నాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా చెవులు సరిగా వినపడవంటాడు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం ఎన్నోదో చెబుతాడు.

తీసింది నువ్వేనని నాకు తెలుసు నాన్నా. నేనడిగేది అది కాదు. ఇన్నేళ్ళూ చెప్పకపోవడం పూజ రోజు పనిముట్టు ముట్టావన్న భయంతోనా, లేక లెక్క నాది రైటని నలుగురి ముందు ఒప్పుకోవాల్సి వస్తుందనా?