ర కింద తోక

భద్రుకు చదువు రాదు. ఆయన కూతురు హేమలత మాత్రం ఖమ్మంలో ఒక డిజైన్ షాపులో అక్షరాల మీదే బతుకుతోంది. కొత్త మిర్చి విత్తనాల కంపెనీ పొట్లం మీదికి లోగో అడిగితే, బొమ్మ జోలికి పోకుండా 'ఎర్రకోన' అన్న పేరునే గీసింది. ర కింది వత్తును మిరపకాయ తోకలా సాగదీసి వదిలింది.

పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి దాన్ని తమ తండాకు తెచ్చింది. అడవి అంచున ఉన్న ఆ తండాలో చాలామంది పొట్లాన్ని చదవరు, చూసి పోల్చుకుంటారు. పాత పొట్లాల మధ్య, పేరును పెద్దగా గీసిన తన కాగితం పెట్టి నాన్నను ఏరమంది. ప్రతిసారీ భద్రు దాన్నే తీశాడు. తోక ఉన్నది నా బిడ్డ రాసింది అని తండా అంతా చెప్పుకొని మురిశాడు.

దాని బలమేదో, లోపమేదో హేమలతకు తెలుసు. పెద్ద బోర్డు మీద ఆ తోక కంటిని లాగేస్తుంది. చిన్న పొట్లం మీద సన్నబడి రంగులో కలిసిపోతుంది. ఆ మాట షాపు యజమానితో అంటే, అచ్చుకు టైం లేదు, ఇదే బ్రహ్మాండం అన్నాడు. ఆమె కూడా మళ్లీ గీస్తానని పట్టుబట్టలేదు. మెచ్చుకుంటుంటే కాదనడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది?

తొలకరికి అందరికంటే ముందు భద్రే విత్తనాలు తెచ్చాడు. తోట ఏపుగా లేచింది. పూత వచ్చి రాలింది, మళ్లీ వచ్చి మళ్లీ రాలింది. కాయ నిలవలేదు. ఆయన మాట మీద అవే కొన్నవాళ్లు పలకరించడం మానేశారు. భార్య జమ్లి పరాయి చేలల్లో పత్తి ఏరడానికి కూలికి పోతోంది.

సంగతి ఫోన్లో విని హేమలత అసలు పొట్లం ఒకటి పట్టుకొని వచ్చింది. నాన్న దాచిన ఖాళీ పొట్లాన్ని దాని పక్కన పెట్టి చూసింది. అది నకిలీ. ఎవడో ఆమె అక్షరాలనే దించాడు. దించినవాడు తోకను మాత్రం కాస్త లావు చేశాడు. ఆమె వదిలేసిన పని వాడు పూర్తిచేశాడు. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"దుకాణంల రెండు తీర్లవి ఉండె" అన్నాడు భద్రు. "తోక మంచిగ కనవడ్డదే తెచ్చిన. నీదేది బిడ్డా?"

హేమలత అసలు పొట్లం చేతికిచ్చింది. భద్రు దాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. ర కింద వేలితో తడిమాడు.

"దీనికి తోక లేదు గద" అన్నాడు.