పార్కు గీతల్లో మిరపకాయలు

ఊరి చివర మూతబడిన పత్తి మిల్లు స్థలాన్ని పార్కు చేద్దామని కుర్రాళ్లం ఆదివారాలన్నీ కంప కొట్టాం. నిన్న దారులకూ పూలమళ్లకూ ముగ్గుపిండితో గీతలు గీశాం. ఈ ఉదయం మొక్కలు తీసుకెళ్తే, పూలమళ్ల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది జనం కోసం చేస్తున్న పార్కు, అత్తా" అన్నాను, కాయలు తిరగేస్తున్న మా వీధి నాగమ్మత్తతో.

"మేం జనం కాదా ఏంట్రా? స్థలం అందరిదీ, అందరూ కలిసి తేల్చుకోవాలని మైకులో అరిచింది నువ్వేగా. తేల్చుకున్నాం. నువ్వు గీసిన దారిలో ఒక్క కాయైనా పడిందేమో చూసుకో."

వెతికాను. ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చి ప్లానులో సగం పూలమళ్లు కొట్టేసి, 'మిరప కల్లం' అని రాశాను. కల్లం ఉన్న పార్కు ఇంకెక్కడైనా ఉంటే ఫొటో పెట్టండి. నేనింకా తుమ్ముతూనే ఉన్నాను.