ఎల్‌బీ నగర్ వ్యాన్‌కు పంపిన కబురు

జ్యోతిక సాధించిన మొదటి గెలుపు, తాను రాసిన జావా ప్రోగ్రాం చేత తన పేరు పలికించడం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో వారాల తరబడి ఎర్ర అక్షరాలతో తప్పులు చూపించిన నల్ల తెర, ఒకనాడు ఆమె రెండు చిన్న గీతలు పెట్టి, పేరు అనే ఆప్షన్ ఇచ్చి, పక్కన జ్యోతిక అని కొట్టగానే 'నమస్తే జ్యోతిక' అంది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

లేవదా మరి! పోచంపల్లి దగ్గరి చేనేత ఊళ్లో సర్కారు బడిలో చదివిన పిల్ల. పదో తరగతిలో మండలానికే మొదటిది. సెలవుల్లో తాత అంతయ్య పక్కన కూర్చుని, రంగు అంటకుండా నూలుకు చిటికి కడితే ఒక్క ముడీ జారేది కాదు. డిగ్రీ ఫస్ట్ క్లాసు. వెంటనే దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ప్రైవేటు బడి ఆఫీసులో ఉద్యోగం. చేరిన ఏడాదే ఆ బడికి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. అంతకుముందు ఏ వ్యాన్ ఆగినా వ్యాన్ల ఇన్‌చార్జి జాన్సన్ ఇంటింటికీ ఫోన్ చేసి గొంతు పోగొట్టుకునేవాడు. ఇప్పుడు రూట్ అనే ఆప్షన్ పక్కన చంపాపేట్ అని కొడితే చంపాపేట్ తల్లిదండ్రులకే మెసేజ్ పోతుంది. రూట్ చెప్పకపోతే అందరికీ పోతుంది. ఇప్పుడు మనుమరాళ్ల దగ్గర చంపాపేట్‌లో ఉంటున్న అంతయ్య ఈ సంగతి చెప్పని ఇల్లు అక్కడ లేదు.

మార్చి నెలలో ఒక సాయంత్రం ఎల్‌బీ నగర్ వ్యాన్ బ్రేకులు చెడిపోయాయి. అది కొత్త బండి, అంతవరకు ఒక్కనాడూ ఆగింది లేదు. జాన్సనే కంప్యూటర్ ముందు కూర్చుని 'వ్యాన్ చెడిపోయింది, పిల్లల్ని మీరే వచ్చి తీసుకుపోండి' అని పంపాడు. తెర మీద 'అయిపోయింది' అని వచ్చింది. మిగతా వ్యాన్లు ఎప్పటిలాగే పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాయి.

కాసేపటికి గేటు దగ్గర గోల మొదలైంది. స్కూటర్లు, వాటి వెనక ఆటోలు. ఒకావిడ చేతులకు పిండి అంటుకునే ఉంది. ఒకాయన సగం గడ్డం గీయించుకుని మంగలి షాపు నుంచి అట్లాగే వచ్చేశాడు. "ఏమైంది? యాక్సిడెంటా?" అని ఒకరు అరిస్తే, ఆ మాట వెనకున్న వాళ్లంతా అందుకున్నారు.

జాన్సన్ పరుగున ఆఫీసులోకి వచ్చాడు. "చెల్లె, గీల్లు మీర్‌పేటోల్లు గదా? వనస్థలిపురం వోల్లు గూడ ఒచ్చిండ్రేంది?"

జ్యోతిక కిటికీలోంచి చూసింది. తల్లిదండ్రులంతా ఇక్కడ గేటు ముందున్నారు. పిల్లలు అక్కడ తాళం వేసిన ఇళ్ల ముందు దిగబోతున్నారు.

"అన్నా, డ్రైవర్లందరికి ఫోన్ చెయ్! ఒక్క పిల్లను గూడ దింపొద్దు. బండ్లు మల్లా బడికే తేవాలె!"

అదే సమయానికి గేటు దగ్గర ఆటో దిగాడు అంతయ్య. పెద్ద మనుమరాలు రజిత కూతురు ఈ బడిలోనే చదువుతుంది, దాన్ని వ్యాన్ దగ్గర దింపుకునే పని ఆయనదే. జనం కంగారు చూసి చెయ్యెత్తి చెప్పాడు. "ఎవ్వలు పరేషాన్ గాకుండ్రి. గా మెసేజ్ నా మన్మరాలే పంపిస్తది. జావాల రాసింది. దాని లెక్క తప్పది!"

"గట్లనా పెద్దాయనా?" అంది పిండి చేతుల ఆవిడ. "ఏది, నీ బంగారాన్ని జర బయటికి పిలువు, మేం గూడ చూస్తం!"

జ్యోతిక బయటికి వచ్చింది. అప్పుడే జాన్సన్ ఫోన్ దించి, ఆమె వైపు చూడలేక నేల చూస్తూ అన్నాడు. "అందరు ఆగిండ్రు చెల్లె. చంపాపేట్ల ఒక్క పిల్లను మాత్రం అప్పటికే దింపిండట. మీ రజితక్క బిడ్డనే."

అంతయ్య జేబు తడుముకున్నాడు. ఆ ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఫోన్ తీస్తుండగానే అది మోగింది. పక్కింటి అండాలమ్మ. "ఏడ తిరుగుతున్నవే అంతయ్యా? పిల్ల మెట్ల మీద కూసొని ఏడుస్తుంటే నేనే తీస్కపోయిన. సకినాలు తింటుంది, నువ్వు మెల్లగ రా!"

ఆయన ఎవరి వైపూ చూడకుండా మళ్లీ ఆటో ఎక్కాడు.

వ్యాన్లు తిరిగొచ్చి, పిల్లలంతా తల్లుల చేతుల్లో పడ్డాక, కరెస్పాండెంట్ కృష్ణకుమారి ఆఫీసులోకి వచ్చారు. "ఏంటమ్మా ఇది? ఒక్క బండి ఆగితే ఊరంతా నా గేటు దగ్గరుందేంటి?"

జ్యోతిక తెర మీద జాన్సన్ కొట్టిన వరుస చూసింది. చంపాపేట్, మీర్‌పేట్, వనస్థలిపురం అన్నీ ఒకే మాట. ఎల్‌బీ నగర్ మధ్యలో ఖాళీ ఉంది. ప్రోగ్రాం ఎల్‌బీ ఒక్కదాన్నే రూట్‌గా తీసుకుంది, నగర్‌ను వదిలేసింది. ఎల్‌బీ అనే రూట్ లేదు కాబట్టి, రూట్ చెప్పనట్టే అనుకుని అందరికీ పంపేసింది.

"కొట్టింది నేనే మేడం," అన్నాడు జాన్సన్.

"అన్న అందరు రాసినట్టే రాసిండు మేడం. తెల్వని మాట ఒస్తే ఆగాలని నేనే రాయలే. తప్పు నాది."

"ఆ పిల్ల రోడ్డు మీదకి పోయుంటే ఏం చేసేవాళ్ళం? ఇది బాగయ్యేదాకా నువ్వు ఆఫీసుకి రావద్దు. బాగవ్వకపోతే అసలే రావద్దు."

ఇంట్లో అంతయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట మనుమరాలి పక్కన వచ్చి కూర్చున్నాడు. "చిటికి జారితె ఏం జేస్తం బిడ్డా? విప్పి మల్లా కడ్తం గదా," అన్నాడు.

ఆమె ప్రోగ్రాం మొత్తం విప్పి మళ్లీ కట్టింది. తర్వాత ల్యాప్‌టాప్ తీసుకుపోయి కృష్ణకుమారి ముందు పెట్టింది. ఆవిడ కావాలనే ఖాళీ వదిలి కొట్టారు. 'నగర్ అన్న మాట ఎందుకిచ్చారో తెలియలేదు. ఎవరికీ పంపలేదు' అంది ప్రోగ్రాం. లేని ఊరి పేరు కొట్టారు. ఉన్న రూట్లన్నీ చూపించి ఆగిపోయింది. కొటేషన్ గుర్తుల మధ్య ఎల్‌బీ నగర్ అని సరిగ్గా కొడితే, ఎన్ని ఇళ్లకు పోతుందో చెప్పి, పంపమంటారా అని అడిగింది.

"ఈ నోరేదో ఆవేళే తెరిచుంటే సరిపోయేది కదమ్మా!" అన్నారావిడ. ల్యాప్‌టాప్ మూసి మళ్లీ అన్నారు. "మన చౌటుప్పల్ బ్రాంచిలో కూడా ఇదే పెట్టాలి. వేసవంతా అక్కడే ఉండి పెట్టిరా. బడి తెరిచేనాటికి మాత్రం నీ కుర్చీలో నువ్వుండాలి."

బస్సు ఎక్కించడానికి అంతయ్య ఎల్‌బీ నగర్ దాకా వెళ్లాడు. బస్సు కదలకముందే పక్క సీటాయనకు మనుమరాలి ఘనత మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, ఈసారి గేటు దగ్గర జరిగింది కూడా కలిపి. జ్యోతిక తిరిగి వచ్చేది బడి తెరిచే జూన్ పన్నెండున.